మేడి, పగ్గం, జాయ్‌స్టిక్

సింగపూరులో ఉండే తెలుగువాళ్ళకి సెరంగూన్ రోడ్డు మీది శ్రీనివాస పెరుమాళ్ గుడి గురించి వేరే చెప్పక్కర్లేదు. శనివారమో, వైకుంఠ ఏకాదశో, ఏదో ఒక వంకతో అందరం అక్కడ తేలుతూనే ఉంటాం. ఆ గుడికి దగ్గర్లోనే ఫారర్ పార్క్ ఉంది. ఒకప్పుడు అది గుర్రప్పందేల మైదానం. 1911 మార్చి 16న ఆ మైదానం నుంచే సింగపూరులో మొట్టమొదటి విమానం పైకి లేచింది. నడిపినవాడు జోసెఫ్ క్రిస్టియాన్స్ అనే బెల్జియం దేశస్థుడు. విమానం పేరు బ్రిస్టల్ బాక్స్‌కైట్. పేరుకి తగ్గట్టు అదొక పెద్ద గాలిపటమే: కర్రలు, గుడ్డ, బిగించి కట్టిన తీగలు, వెనకాల యాభై గుర్రాల బలంగల ఇంజను. నడిపేవాడికి గదీ లేదు, ఎదురుగా అద్దమూ లేదు. కింది రెక్క అంచున ఆరుబయట కూర్చుని, కాళ్ళు ఒక అడ్డకర్ర మీద ఆనించి, కుడిచేత్తో ఒక కర్ర పట్టుకునేవాడు.

ఈ వ్యాసం ఆ కర్ర గురించి, ఆ తరవాత దానికి జోడీగా వచ్చిన థ్రాటిల్ గురించి.

నేను బతుకుతెరువుకి కంప్యూటర్ల పని చేస్తాను. సరదాకి, అదే కంప్యూటర్ మీద జెట్ విమానాలు తోలుతాను. (మా ఇంట్లో "నడపడం" అనరు, "తోలడం" అనే అంటారు. ఆ మాటే సరైనదని నాకూ అనిపిస్తుంది; ఎందుకో తరవాత చెబుతాను.) ఈ సరదాలోకి కొత్తగా దిగిన మిత్రులు జాయ్‌స్టిక్కూ థ్రాటిలూ కొని తెచ్చుకుని, బల్లకి బిగించుకుని, సెట్టింగుల పేజీ తెరిచి, వెంటనే నాకు ఫోన్ చేస్తారు. "కాలిబ్రేషన్ అట, రివర్స్ యాక్సిస్ అట, డెడ్ జోన్ అట, సెన్సిటివిటీ కర్వ్ అట. ఇవన్నీ ఏమిటండీ? దేన్ని ఎంతలో పెట్టాలి?" అని. ఎంతలో పెట్టాలో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. కానీ అవి ఎందుకున్నాయో చెప్పాలంటే నూరేళ్ళ కథ చెప్పాలి. ఆ పేజీలో ఉన్న ఒక్కో గడి వెనకా ఒక్కో తరం మనుషుల అనుభవం ఉంది. కొన్నిటి వెనక ప్రాణాలు కూడా పోయాయి.

ముందు మన ఊళ్ళకి ఒకసారి వెళ్దాం. నాగలి దున్నేవాడి చేతిలో మేడి ఉంటుంది. మేడి మీద కాస్త బరువు వేస్తే కర్రు లోతు మారుతుంది. ఇంతవరకూ చెయ్యి చెబుతోంది, నాగలి వింటోంది. కానీ కింద రాయి తగిలినా, నేల గట్టిపడినా, తడి తక్కువైనా, ఆ సంగతి మేడిలోంచే చేతికి తిరిగొస్తుంది. రైతు వంగి చూడక్కర్లేదు. బండి తోలేవాడి పగ్గాలూ అంతే. ఎద్దు బెదిరిందో అలిసిందో, కళ్ళకంటే ముందు పగ్గం పట్టుకున్న వేళ్ళకి తెలుస్తుంది. అంటే మేడికీ పగ్గానికీ రెండు పనులు: చేతి మాట అవతలికి చేర్చడం, అవతలి మాట చేతికి తేవడం. ఈ రెండో పనిని మనం పనిగా లెక్కపెట్టం. అది పోయినప్పుడు గానీ దాని విలువ తెలియదు.

బాక్స్‌కైట్‌లో కర్రకి కట్టిన తీగలు సూటిగా తోకమీది పలకలకీ రెక్కల చివరి పలకలకీ వెళ్ళేవి. గాలి ఆ పలకల్ని ఎంత బలంగా నెడితే కర్ర అంత బరువెక్కేది. వేగం తగ్గితే కర్ర వదులయ్యేది. "ఇంక పడిపోతాను" అన్న సంగతి విమానం పైలట్ అరచేతికే చెప్పేది. అందుకే తోలడం అన్న మాట సరైనది అన్నాను.

ఇంతకీ ఆ కర్రకి జాయ్‌స్టిక్ అన్న పేరెలా వచ్చింది? రైట్ సోదరుల 1903 నాటి విమానంలో పైలట్ బోర్లా పడుకుని, నడుముని అటూ ఇటూ జరిపి రెక్కల్ని మెలితిప్పేవాడు. ముందున్న పలకకి చేత్తో కదిపే మీట ఉండేది. అన్నీ కలిపి ఒకే కర్రకి తేవడం ఫ్రాన్స్‌లో స్థిరపడిన పద్ధతి. రాబర్ ఎస్నో-పెల్త్రీ, లూయీ బ్లేరియో పేర్లు ఈ సందర్భంలో చెబుతారు. ఫ్రెంచివాళ్ళు దాన్ని "చీపురుకర్ర" అని పిలిచారు, ఇప్పటికీ అలాగే పిలుస్తున్నారు. మన చీపురుకట్టకి కర్ర ఉండదు కాబట్టి ఆ పోలిక మనకి తట్టదు గానీ, పేరు మాత్రం బాగుంది. జాయ్‌స్టిక్ అన్న ఇంగ్లీషు మాట పుట్టుక మీద వాదాలున్నాయి. రాబర్ట్ లొరేన్ అనే ఇంగ్లీషు నటుడు విమానాలు కూడా నడిపేవాడు. 1909 నాటి అతని డైరీలో ఈ మాట కనిపిస్తుందంటారు. ఎవరు పెట్టినా, ఆటబొమ్మలు పుట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఆ పేరు అసలు విమానంలో పుట్టింది.

ఇక థ్రాటిల్. బాక్స్‌కైట్‌లో ఉండే నోమ్ రోటరీ ఇంజనుకి మనం ఇవాళ అనుకునే అర్థంలో థ్రాటిల్ లేదనే చెప్పాలి. దిగేటప్పుడు పైలట్ నిప్పురవ్వని ఆపుతూ, వదులుతూ ఇంజనుని అదుపులో పెట్టేవాడు. తరవాతి ఇంజన్లతో ఎడమచేతికి ఒక లీవరు వచ్చింది. మరి ఆ లీవరుని ముందుకి తోస్తే బలం పెరగాలా, వెనక్కి లాగితే పెరగాలా?

ఇందులో అడగడానికేముంది, ముందుకే కదా అనుకుంటాం. కానీ రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఫ్రెంచి విమానాల్లో లీవరుని వెనక్కి లాగితే బలం పెరిగేది. బ్రిటిష్, అమెరికన్ విమానాల్లో ముందుకి తోస్తే పెరిగేది. ఎవరి అలవాటు వాళ్ళకి సహజమే. చిక్కు ఎప్పుడొచ్చిందంటే, ఫ్రాన్స్ అమెరికా నుంచి కర్టిస్ హాక్ యుద్ధవిమానాలు కొన్నప్పుడు, తమ పద్ధతిలో తిరగేసిన థ్రాటిల్‌తో తెప్పించుకుంది. 1940లో ఫ్రాన్స్ ఓడిపోయింది. ఆ ఆర్డరులో మిగిలిన విమానాలు బ్రిటిష్‌వాళ్ళ చేతికొచ్చాయి. వాళ్ళు వాటికి మొహాక్ అని పేరు పెట్టి, థ్రాటిల్ దిశని మళ్ళీ తిప్పి బిగించుకున్నారు. వాటిలో కొన్ని మన దేశం నుంచి, బర్మా సరిహద్దు మీద జపానువాళ్ళతో పోరాడాయి. శత్రువు వెనకపడ్డప్పుడు పైలట్ చెయ్యి ఆలోచించదు, అలవాటు చొప్పున కదులుతుంది. ఆ ఒక్క క్షణంలో లీవరు తిరగేసి ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. సెట్టింగుల పేజీలో "రివర్స్ యాక్సిస్" అన్న చిన్న గడి కనిపించినప్పుడల్లా నాకు ఆ మొహాక్ విమానాలే గుర్తొస్తాయి. అప్పట్లో దానికి మెకానిక్కూ, పానాలూ, చాలినంత సమయమూ కావలసి వచ్చింది. ఇప్పుడు ఒక టిక్కుతో సరిపోతోంది.

నేలమీద కూర్చుని విమానం నేర్చుకోవడం ఎప్పుడు మొదలైంది? అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్ అనే ఊళ్ళో ఎడ్ లింక్ అనే కుర్రాడుండేవాడు. వాళ్ళ నాన్నది పియానోలు, ఆర్గన్లు తయారుచేసే ఫ్యాక్టరీ. ఆర్గన్ పలకాలంటే గాలితిత్తులు కావాలి. ఆ తిత్తుల మీదే ఒక చిన్న విమానం డొల్లని నిలబెట్టి, లోపల కర్ర కదిపితే డొల్ల అటూ ఇటూ ఒరిగేలా 1929 నాటికి లింక్ ఒక యంత్రం చేశాడు. మొదట్లో దాన్ని కొన్నది విమాన సంస్థలు కావు, ఎగ్జిబిషన్లలో రంగులరాట్నాలు తిప్పేవాళ్ళు. 1934లో అమెరికా సైన్యానికి టపా విమానాలు నడిపే బాధ్యత అప్పగించారు. మంచులో, మబ్బుల్లో, పరికరాలు చూసి నడపడం రాక కొద్ది వారాల్లోనే పదిమందికి పైగా పైలట్లు చనిపోయారు. అప్పుడు సైన్యం ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు లింక్ యంత్రాలు కొంది. ఆటవస్తువు పనిముట్టుగా మారిన రోజది. ఆ తరవాత యాభై ఏళ్ళకి పనిముట్టు మళ్ళీ ఆటవస్తువై మన ఇళ్ళకొచ్చింది.

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ ఆర్ట్‌విక్ అనే విద్యార్థి 1975లో తన మాస్టర్స్ థీసిస్‌గా, చిన్న కంప్యూటర్ మీద విమానం కదలికని బొమ్మగా చూపించడం ఎలాగో రాశాడు. అది పెరిగి పెద్దదై, 1982లో ఐబీఎం పీసీ మీద మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌గా వచ్చింది. విమానం సరే, మరి కర్ర? ఐబీఎం 1981లో పీసీతోపాటే జాయ్‌స్టిక్కులు తగిలించడానికి ఒక కార్డు అమ్మింది. దాని పనితీరు చెబితే కంప్యూటర్లు తెలిసినవాళ్ళు ఇప్పుడు నవ్వుతారు.

కర్ర కింద రెండు రెసిస్టర్లు ఉంటాయి, పాత రేడియోలో వాల్యూం తిప్పే మీట లాంటివి. కర్ర జరిగితే రెసిస్టెన్స్ మారుతుంది. దాన్ని సూటిగా కొలిచే సరంజామా ఆ కార్డులో లేదు, ఖరీదెక్కువ కాబట్టి. దానికి బదులు ఒక చిన్న కెపాసిటర్‌ని ఆ రెసిస్టర్ గుండా నింపుతారు. కుళాయి ఎంత తిప్పామో చూడకుండా, బిందె నిండటానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టి కుళాయి సంగతి ఊహించడం లాంటిదన్నమాట. బిందె నిండేదాకా పీసీ వేరే పని మానుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ కూర్చుంటుంది. వేగంగా లెక్కపెట్టే కొత్త పీసీ కొంటే అదే కర్రకి లెక్క పెద్దదవుతుంది. రెసిస్టర్ అరిగినా, ఎండకి వేడెక్కినా లెక్క మారుతుంది. అందుకే ఆట మొదలుపెట్టే ముందు "కర్రని నాలుగు మూలలకీ తిప్పి మధ్యలో వదలండి" అనేవాడు. కాలిబ్రేషన్ అన్న గడి పుట్టింది అక్కడ. తరాజులో వస్తువు వేసేముందు ముల్లు మధ్యలో ఉందో లేదో చూసుకోవడం లాంటిదే అది కూడా.

ఇక్కడే మన సింగపూరు కథలోకి వస్తుంది. 1981లో చైనాటౌన్‌లోని పెర్ల్స్ సెంటర్‌లో సిమ్ వాంగ్ హూ అనే ఇరవయ్యారేళ్ళ యువకుడు, తన మిత్రుడు ఎన్గ్ కై వాతో కలిసి కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్టు పెట్టాడు. పేరు క్రియేటివ్ టెక్నాలజీ. అతను న్గీ ఆన్ టెక్నికల్ కాలేజీలో చదువుకున్నవాడు, హార్మోనికా వాయించేవాడు. 1986లో ధ్వనీ రంగులూ కలిపి క్యూబిక్ సీటీ అని సొంత పీసీ ఒకటి తయారుచేస్తే అది నిలదొక్కుకోలేదు. పీసీ పోయినా సంగీతం వదలకుండా, సంగీతపు కార్డుల మీద పడ్డాడు. 1989లో సౌండ్ బ్లాస్టర్ వచ్చింది.

అప్పటికే కెనడాకి చెందిన యాడ్‌లిబ్ అనే కంపెనీ కార్డు బజారులో పేరు తెచ్చుకుంది. సౌండ్ బ్లాస్టర్ అది వాయించినవన్నీ వాయించింది. దానికి తోడు మాటలు, పేలుళ్ళు వంటి అసలు శబ్దాల్ని కూడా పలికించింది. ఇంకొకటి చేసింది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు: కార్డు వెనకాల పదిహేను పిన్నుల జాయ్‌స్టిక్ సాకెట్టు కూడా బిగించి ఇచ్చింది. అంతకుముందు జాయ్‌స్టిక్ కావాలంటే వేరే కార్డు కొనాలి, దానికి పీసీలో ఒక ఖాళీ గాడి కేటాయించాలి. ఇప్పుడు శబ్దం కోసం కార్డు కొన్న ప్రతివాడికీ అడక్కుండానే కర్ర తగిలించుకునే చోటు దొరికింది. యాడ్‌లిబ్ 1992లో దివాలా తీసింది. అదే ఏడు క్రియేటివ్ అమెరికా నాస్‌డాక్‌లో నమోదైంది, అలా నమోదైన మొదటి సింగపూరు కంపెనీ అదే. 1990ల్లో ప్రపంచంలో ఎక్కడో ఒక కుర్రాడు ఫ్లైట్ సిమ్యులేటర్‌కి కర్ర తగిలించాడంటే, ఆ తీగ వెళ్ళి గుచ్చుకున్నది చాలాసార్లు సింగపూరువాడు గీసిన కార్డులోకో, దాని నకలులోకో. చిన్నదేశం కాబట్టి విమానం మొత్తం తయారుచెయ్యకపోవచ్చు. కానీ చేతికీ విమానానికీ మధ్య ద్వారం తయారుచేసింది.

పెర్ల్స్ సెంటర్ భవనం ఇప్పుడు లేదు, ఎం.ఆర్.టీ. రైలుమార్గం కోసం కూల్చేశారు. సిమ్ వాంగ్ హూ 2023 జనవరి 4న కన్నుమూశారు. వార్తల్లో అందరూ సౌండ్ బ్లాస్టర్ శబ్దం గురించి రాశారు. ఆ పదిహేను పిన్నుల గురించి కూడా ఎవరైనా ఒక మాట రాయాలని అప్పట్నుంచీ నాకుంది. ఈ వ్యాసానికి అదొక కారణం.

ఆ సాకెట్టుకి ఒక హద్దుంది: మొత్తం నాలుగు కదలికలు, నాలుగు బటన్లు, అంతే. కర్రకి రెండు, థ్రాటిల్‌కి ఒకటి, కాలి పెడళ్ళకి ఒకటి, ఖాతా చెల్లు. 1990లో అమెరికాలో మొదలైన థ్రస్ట్‌మాస్టర్ వాళ్ళ తొలి థ్రాటిల్ ఈ చిక్కుని తప్పించుకోవడానికి కీబోర్డు తీగ మధ్యలో దూరి, తాను కీబోర్డునని పీసీని నమ్మించేది. 1996లో యూఎస్‌బీ ప్రమాణం వచ్చాక ఈ అవస్థలన్నీ తీరాయి. కొలత కర్రలోనే జరిగి అంకెగా మారి వస్తుంది కాబట్టి పీసీ వేళ్ళు మడిచి లెక్కపెట్టక్కర్లేదు. 2007లో వచ్చిన విండోస్ విస్టా పాత సాకెట్టుని గుర్తించడమే మానేసింది.

ఇప్పుడు సెన్సిటివిటీ సంగతి. దీని వెనక ఉన్న కథ నాకు అన్నిటికంటే ఇష్టం.

1974 జనవరి 20. కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం. వైఎఫ్-16 అనే కొత్త జెట్. ఇందులో కర్రకీ రెక్కలకీ మధ్య తీగలూ కడ్డీలూ లేవు, విద్యుత్ సంకేతాలు మాత్రమే. కర్ర కాళ్ళ మధ్య కాకుండా కుడిచేతి పక్కన ఉంది. పైగా ఆ కర్ర కదలదు! ఎంత గట్టిగా నొక్కితే అంత ఆజ్ఞ. ఆ రోజు ఎగరాలన్న ఉద్దేశమే లేదు, నేలమీద వేగంగా పరిగెత్తించి చూడటమే. పైలట్ ఫిల్ ఓస్ట్రైకర్. వేగం పెరిగే కొద్దీ విమానం అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఆపబోతే అటువైపు ఎక్కువైంది, సరిచెయ్యబోతే ఇటువైపు ఎక్కువైంది. ఒక రెక్క చివరనున్న క్షిపణి తాలూకు పలక, తరవాత తోక పలక నేలని రాసుకున్నాయి. విమానం రన్‌వే మీంచి పక్కకి పోతోంది. నేలమీద ఉంటే పగిలిపోవడం ఖాయమని ఓస్ట్రైకర్ గాలిలోకి లేపేశాడు. ఆరు నిమిషాలు తిప్పి క్షేమంగా దింపాడు. "అధికారిక" తొలి ప్రయాణం ఫిబ్రవరి 2న జరిగింది గానీ, అసలు తొలి ప్రయాణం ఈ అనుకోని ఆరు నిమిషాలే.

కారణం ఏమిటి? చేతి చిన్న ఒత్తిడికి విమానం మరీ ఎక్కువగా ఒరిగేలా లెక్క పెట్టారు. పైలట్‌కి మాత్రం తను ఎంత నొక్కాడో తెలిపే కదలికే కర్రలో లేదు. తరవాత ఇంజనీర్లు ఆ లెక్కని తగ్గించారు. ఎఫ్-16 కర్రకి కాస్త, కొద్దిపాటి కదలిక కూడా ఇచ్చారు. యంత్రానికి ఆ కదలిక అవసరం లేదు, నొక్కుడు చాలు. అవసరం చేతికి. ఆ విమానాల్నే 1988 నుంచి సింగపూరు వైమానికదళం తీసుకుంది. ఆగస్టు 9న జాతీయ దినోత్సవానికి మెరీనా బే మీద ఉరుముతూ పోయే ఎఫ్-16లని చూసి పిల్లలు చప్పట్లు కొడతారు. వాటిలో ఉన్నది, చెయ్యి కోసం కొద్దిగా కదలడం నేర్చుకున్న కర్ర.

మన ఇంట్లో సెన్సిటివిటీ కర్వ్ చేసేది సరిగ్గా ఓస్ట్రైకర్ విమానానికి చేసిన మరమ్మతే. బల్లమీది కర్ర పొట్టిది, అసలు కర్ర పొడుగు. పొట్టికర్ర ఒక వేలెడు జరిగితే చాలా ఎక్కువ ఆజ్ఞ వెళ్ళిపోతుంది. అందుకని మధ్యలో మెల్లగా, చివర్లో గట్టిగా స్పందించేలా గీతని వంచుతాం. కొత్తవాడు రన్‌వే దగ్గరికొచ్చి అటూ ఇటూ ఊగిపోతున్నాడంటే అతని చెయ్యి చెడ్డదని కాదు, గీత నిటారుగా ఉందని అర్థం. డెడ్ జోన్ ఇంకో సంగతి. స్ప్రింగు అరిగి కర్ర సరిగ్గా మధ్యకి రాకపోతే, ముట్టుకోకుండానే విమానం ఒక పక్కకి ఒరుగుతూ ఉంటుంది. మధ్యలో రెండు మూడు శాతం చోటుని "ఇక్కడ ఏం జరిగినా పట్టించుకోకు" అని చెబుతాం. అంతకంటే ఎక్కువ పెడితే చెయ్యి చెప్పినా వినని చెవిటి విమానం తయారవుతుంది.

జెట్ విమానానికి థ్రాటిల్ అమర్చడంలో ఇంకో మెలిక ఉంది. ప్రొపెల్లర్ విమానంలో లీవరు తోస్తే వెంటనే బలం వస్తుంది, రెక్కల మీద గాలి పెరుగుతుంది. జెట్ ఇంజను అలా కాదు, లోపలి చక్రాలు వేగం పుంజుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. 1950 ప్రాంతంలో సింగపూరులోని టెంగా స్థావరంలో బ్రిటిష్ 60వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు వదిలి వాంపైర్ జెట్లకి మారింది. స్పిట్‌ఫైర్‌కి అలవాటుపడ్డ చేతులు ఆ కొన్ని సెకన్లు ముందుగానే ఆలోచించడం నేర్చుకోవలసి వచ్చింది. ఈ రోజుకీ ప్రయాణికుల జెట్ దిగేటప్పుడు లీవర్లు పూర్తిగా వెనక్కి లాగేసి కూర్చోరు. ఎప్పుడైనా మళ్ళీ పైకి లేవాల్సివస్తే ఇంజను నిద్రలో ఉండకూడదు.

1987లో మొదటిసారి ఎగిరి, మరుసటేడు సర్వీసులోకి వచ్చిన ఎయిర్‌బస్ ఏ320 ఈ పక్క కర్రని ప్రయాణికుల విమానాల్లోకి తెచ్చింది. ఇద్దరు పైలట్లకీ చెరొక చిన్న కర్ర, మన బల్లమీది దానిలాగే స్ప్రింగుతో. ఒకరు కదిపితే రెండోది కదలదు. థ్రాటిల్ లీవర్లు కొన్ని గాడుల్లో కూర్చుంటాయి. కంప్యూటర్ బలం పెంచినా తగ్గించినా లీవర్లు ఉన్నచోటే ఉంటాయి. బోయింగ్ పద్ధతి వేరు. అక్కడ కంప్యూటర్ బలం మారిస్తే లీవరు కూడా దానంతటదే జరుగుతుంది, చెయ్యి ఆనించి ఉంచితే తెలుస్తుంది. ఏది మంచిదన్న వాదన పైలట్లలో ఇప్పటికీ, ఆవకాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అన్నంత గట్టిగా నడుస్తుంది.

2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447, ఏ330 విమానం, అట్లాంటిక్‌లో పడిపోయి 228 మంది చనిపోయారు. వేగం కొలిచే గొట్టాల్లో మంచు పేరుకుంది, ఆటోపైలట్ తప్పుకుంది. కుడిపక్క పైలట్ కర్రని చాలాసేపు వెనక్కే లాగి పట్టుకున్నాడు. రెక్కల మీద గాలి పట్టు తప్పింది. పక్కనున్నవాడి కర్ర కదల్లేదు. రెండు కర్రలూ కలిసి కదిలి ఉంటే పక్కవాడి చేతికి విషయం ముందే తెలిసేదా అని ఎంతోమంది అడిగారు. కారణాలు చాలా ఉన్నాయి, ఆ ఒక్కదాని మీదే నెట్టడం సరి కాదు. కానీ ఆ ప్రశ్న మాత్రం మిగిలింది. అలాగని లీవరు జరిగితే చాలనుకోవడానికీ లేదు. 2013 జూలై 6న ఏషియానా 214, బోయింగ్ 777, శాన్‌ఫ్రాన్సిస్కోలో రన్‌వే ముందు గోడకి తగిలింది, ముగ్గురు చనిపోయారు. లీవర్లు ఐడిల్‌లో ఉండిపోయాయి. కంప్యూటర్ వేగాన్ని చూసుకుంటోందని పైలట్లు అనుకున్నారు, అది చూసుకోవడం లేదు. లీవరు మాట్లాడగలిగినా, వినే చెయ్యి, వేగం చూసే కన్ను ఉండాలి కదా.

సింగపూరు ఆకాశంలో జరిగిన సంగతి ఒకటుంది. 2010 నవంబరు 4న చాంగీ నుంచి సిడ్నీకి లేచిన క్వాంటాస్ 32, ఏ380, బాటం ద్వీపం మీద ఉండగా రెండో నంబరు ఇంజను పగిలింది. ముక్కలు రెక్కలోంచి దూసుకుపోయి వందలాది తీగల్ని తెంపాయి. లోపల 469 మంది. కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పినీ, ఆయనతో ఉన్న మరో నలుగురు పైలట్లు తొందరపడలేదు. గంటకి పైగా ఆకాశంలో తిరుగుతూ ఏది పనిచేస్తోంది, ఏది లేదు అని ఒక్కొక్కటీ చూసుకున్నారు. దిగేముందు విమానం తమ మాట వింటోందా లేదా అని మెల్లగా కర్ర కదిపి పరీక్షించుకున్నారు. చాంగీలో క్షేమంగా దింపారు. దిగాక ఒకటో నంబరు ఇంజనుని ఆపబోతే అది ఆగలేదు! మీట తిప్పారు, కానీ మీటకీ ఇంజనుకీ మధ్య తీగ తెగిపోయింది. అగ్నిమాపకదళం దాదాపు మూడు గంటలు నీళ్ళూ నురగా కొట్టి దాన్ని చంపవలసి వచ్చింది. చేతికీ యంత్రానికీ మధ్య దారి అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

పోయినదాన్ని తిరిగి తెచ్చే ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి. 2018లో అనుమతి పొందిన గల్ఫ్‌స్ట్రీమ్ జీ500 అనే చిన్న జెట్‌లో రెండు పక్క కర్రలూ మోటార్ల సాయంతో కలిసి కదులుతాయి. సింగపూరు ఆర్డరిచ్చిన ఎఫ్-35లో కర్రా థ్రాటిలూ రెండూ మోటార్లతో చేతికి బరువు తెలియజేస్తాయి. తీగలు తీసేసి, మళ్ళీ మోటార్లు పెట్టి తీగల పని చేయిస్తున్నారన్నమాట. ఇళ్ళలో వాడే కర్రల్లోనూ ఇదే జరిగింది. 1997లో మైక్రోసాఫ్ట్ సైడ్‌వైండర్ చేతిని వెనక్కి నెట్టే కర్రని తెచ్చింది, 2003లో ఆ జాయ్‌స్టిక్కులు చెయ్యడం మానేసింది. 2020లో కొత్త ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చి, కోవిడ్ వల్ల అందరూ ఇళ్ళలో ఉండి కర్రలు దొరక్కుండా పోయాక, మళ్ళీ అలాంటివి చేసేవాళ్ళు పుట్టుకొస్తున్నారు.

ఇంతా చెప్పి, ఫోన్ చేసిన మిత్రుల ప్రశ్నకి జవాబు చెప్పకపోతే బాగుండదు. మొదట కర్రనీ థ్రాటిల్‌నీ చివరిదాకా జరిపి కాలిబ్రేట్ చెయ్యండి. లీవరు ముందుకి తోస్తే తెరమీద లీవరు కూడా ముందుకే వెళ్తోందో లేదో చూడండి, లేకపోతే రివర్స్ గడిలో టిక్కు పెట్టండి. డెడ్ జోన్ రెండు మూడు శాతం దాటనివ్వకండి. కర్ర గీతని మధ్యలో మెల్లగా వంచండి. థ్రాటిల్ గీతని మాత్రం తిన్నగానే ఉంచండి. ఎయిర్‌బస్ అయితే గాడుల్ని ఒక్కొక్కటిగా నమోదు చేసుకోండి. ఆటోథ్రస్ట్ తీసేముందు లీవర్లని అప్పుడున్న బలానికి సరిపడే చోటికి తెచ్చుకోండి, లేకపోతే ఇంజను లీవరున్న చోటికి ఒక్కసారిగా ఎగబాకుతుంది.

మన బల్లమీది స్ప్రింగు కర్ర మనకేమీ చెప్పదు. అది చెప్పవలసిన మాటని కళ్ళతో, చెవులతో పట్టుకోవాలి: వేగం ముల్లు, ఇంజను చప్పుడు, తెరమీద నేల కదిలే తీరు. అది ఆటకి సంబంధించిన చిట్కాలాగే ఉంటుంది. కానీ మన చేతికింద తీగలు తీసేసిన యంత్రాలు విమానాలొక్కటే కావు. మా వృత్తిలోవాళ్ళం రోజూ అలాంటివే తయారుచేస్తుంటాం: నొక్కితే పని జరుగుతుంది, అవతల ఏం జరిగిందో నొక్కినవాడికి తెలియదు. ఆజ్ఞ వెళ్ళే దారి వెయ్యడం సులువు, దానికి డబ్బిచ్చేవాళ్ళుంటారు. కబురు తిరిగొచ్చే దారి వెయ్యమని ఎవరూ అడగరు. మేడి చేసిన వడ్రంగికి మాత్రం ఆ బాధ లేదు. ఒకే కర్రలో రెండు దారులూ ఉండేవి.